ప్రజాభిప్రాయ సేకరణ: సభకు ముందున్న 30 రోజులు

పేపర్లో ఏదో లోపలి పేజీలో ప్రకటన పడుతుంది. ఫలానా కంపెనీ ఫలానా మండలంలో ఇన్ని టన్నుల సామర్థ్యంతో యూనిట్ పెడుతోంది, ఫలానా తేదీ ఉదయం పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ ఉంది, అభ్యంతరాలుంటే తెలపండి అని ఉంటుంది. విశాఖ చుట్టుపక్కల పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి, గాజువాక వైపు వాళ్లకు ఇవి కొత్త కాదు. ఆ రోజు నుంచి ఊళ్లో మాటలన్నీ సభ చుట్టూనే తిరుగుతాయి: మైకు ఎవరు పట్టుకోవాలి, ఎన్ని ఆటోలు కట్టాలి, బందోబస్తు దాటి ఎంతమందిని లోపలికి వదులుతారు. అభ్యంతరం కాగితం మీద పెట్టి ఇద్దామన్న మాట చివరి రెండు రోజుల్లో వస్తుంది. కొన్నిసార్లు అసలు రాదు.

మన బలం పోతున్నది సరిగ్గా అక్కడే. అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చే నిపుణుల కమిటీ సభకు రాదు. షామియానా కింద ఎంత ఆవేశం ఉందో వాళ్లకు కనిపించదు. వాళ్ల ముందుకు వచ్చేవి మినిట్స్ (సభలో ఏం జరిగిందో రాసిన నమోదు), వీడియో, రాతపూర్వక అభ్యంతరాలు, వాటికి కంపెనీ ఇచ్చిన సమాధానాలు. వీటిలో పేజీ నంబరుతో సహా మీ మాట ఉంటే దానికి జవాబు చెప్పక తప్పదు. లేకపోతే "స్థానికులు కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు, కంపెనీ తగిన చర్యలు తీసుకుంటామని హామీ ఇచ్చింది" అన్న ఒక్క వాక్యంలో ఊరంతా ఇమిడిపోతుంది.

జర్మనీ చట్టం ఈ పనిని తిరగేసి చేస్తుంది. అక్కడ రాతపూర్వక అభ్యంతరమే అసలు ఘట్టం, సభ దాని తర్వాత వచ్చేది. అందుకే ఆ పద్ధతిని కాస్త వివరంగా చెప్పుకుందాం.

అక్కడ ఒక రసాయన కర్మాగారమో సిమెంటు ఫ్యాక్టరీయో పెట్టాలంటే ఫెడరల్ ఇమిషన్ కంట్రోల్ యాక్ట్ (కాలుష్య నియంత్రణ చట్టం) కింద అనుమతి కావాలి. ఏ రకం ప్లాంటుకు ఏ దారి అన్నది ఆ చట్టం కిందిచ్చిన నాలుగో ఆర్డినెన్స్ పట్టికలో ఉంటుంది. కొన్నింటి పక్కన "జీ" అక్షరం ఉంటుంది, అంటే ప్రజలను అడిగి తీరాల్సిన పూర్తి ప్రక్రియ. మిగతావాటి పక్కన "వీ" ఉంటుంది, అంటే జనాన్ని అడగక్కర్లేని సంక్షిప్త ప్రక్రియ. పూర్తి ప్రక్రియ అయితే సెక్షన్ 10 ప్రకారం ముందు బహిరంగ ప్రకటన, ఆ తర్వాత దరఖాస్తు, నివేదికలు అన్నీ ఒక నెల పాటు జనం చూసుకునేలా పెట్టాలి. ఇప్పుడు ఇది ఇంటర్నెట్‌లోనే జరుగుతుంది. ఆ నెల ముగిశాక అభ్యంతరాలు రాయడానికి ఇంకో రెండు వారాలు ఇస్తారు. యూరోపియన్ యూనియన్ పారిశ్రామిక ఉద్గారాల ఆదేశం కిందకొచ్చే పెద్ద ప్లాంట్లకైతే ఇంకో నెల. అంటే కాగితాలు చేతికొచ్చాక మొత్తం రెండు నెలలు దొరుకుతాయి. పర్యావరణ ప్రభావ అంచనా అవసరమైన ఇతర ప్రాజెక్టులకు కూడా కాగితాల ప్రదర్శన ముగిశాక కనీసం నెల గడువు ఇవ్వాలని 2017లో సవరించిన చట్టం చెబుతోంది.

ఎవరు రాయొచ్చు? ఈ పరిశ్రమల ప్రక్రియలో చాలాకాలం ఎవరైనా రాయగలిగేవారు. పక్క రాష్ట్రంలో ఉన్నవాళ్లయినా సరే. హైవేలు, రైల్వే లైన్ల లాంటి వాటికి వేరే ప్రక్రియ ఉంది. పరిపాలనా ప్రక్రియల చట్టం సెక్షన్ 73 కిందికొచ్చే ఆ ప్రక్రియలో మాత్రం తమ ప్రయోజనాలకు దెబ్బ తగిలేవాళ్లకే ఆ హక్కు. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. పేరు, చిరునామా, ఏ విషయంలో నష్టమన్నది స్పష్టంగా ఉంటే చాలు. వచ్చిన అభ్యంతరాలను అధికారులు కంపెనీకీ, సంబంధిత శాఖలకూ పంపాలి. ఇక్కడ అందరికీ నచ్చే నిబంధన ఒకటుంది. రాసినవాళ్లు కోరితే, కంపెనీకి పంపే ప్రతిలో వాళ్ల పేరు, చిరునామా కనబడకుండా చేస్తారు. కాంట్రాక్టు పనికోసం అదే కంపెనీ గేటు ముందు నిలబడే కుటుంబాలున్న ఊళ్లో ఈ ఒక్క వెసులుబాటు ఎంతమంది చేత కలం పట్టిస్తుందో ఆలోచించండి. మన దగ్గర ప్రజాభిప్రాయ సేకరణకు ఆధారమైన ప్రభుత్వ నోటిఫికేషన్‌లో అలాంటిది లేదు. ఉండాలి.

సంతకాల అర్జీల విషయంలో అక్కడ గట్టిగా ఉంటారు. ఒకే పాఠంతో 50 మందికి పైగా సంతకాలు పెట్టి ఇస్తే, వాళ్ల తరఫున మాట్లాడే ప్రతినిధి పేరు, చిరునామా సంతకాలున్న ప్రతి పేజీలోనూ కనబడాలి. లేకపోతే ఆ అర్జీని పక్కన పెట్టే అధికారం అధికారులకుంది. మన దగ్గర అలాంటి నియమం లేకపోయినా ఈ అలవాటు మంచిది. ముఖపత్రం ఒకచోట, సంతకాల కాగితాలు ఇంకోచోట అయిపోతే, దేనికి సంతకం పెట్టారో చెప్పే దారే ఉండదు. ప్రతి సంతకాల పేజీ పైన ప్రాజెక్టు పేరు, అభ్యంతరం సారాంశం ఒక వాక్యంలో రాయండి.

ఆ తర్వాత చర్చా సభ. గడువులోగా వచ్చిన అభ్యంతరాలనే అంశాలవారీగా తీసుకుని ఒక పక్క రాసినవాళ్లు, ఇంకో పక్క కంపెనీ, దాని నిపుణులు, మధ్యలో అధికారి కూర్చుని మాట్లాడతారు. నీళ్ల మీద ఒక పూట, గాలి మీద ఒక పూట, శబ్దం మీద ఇంకో పూట. ఇలా రోజుల తరబడి నడిచినవి ఉన్నాయి. చివరికి అనుమతి ఇచ్చినా తిరస్కరించినా ఆ ఉత్తర్వులో కారణాలు ఉండాలి, ప్రజల అభ్యంతరాలను ఎలా పరిగణించారో రాయాలి, అభ్యంతరం పెట్టినవాళ్లకు ఆ ఉత్తర్వు అందాలి. సంఖ్య మరీ ఎక్కువైతే బహిరంగ ప్రకటనతో సరిపెడతారు. 1980లలో బవేరియాలోని వాకర్స్‌డోర్ఫ్ అణు ఇంధన శుద్ధి ప్లాంటుకు వ్యతిరేకంగా 8 లక్షలకు పైగా అభ్యంతరాలు వచ్చాయి. 1989లో ఆ ప్రాజెక్టునే వదిలేశారు.

జర్మనీ అనగానే అంతా సవ్యమని అనుకోవద్దు. కొన్నేళ్లుగా అక్కడ "వేగం" పేరుతో ఈ హక్కులను కుదిస్తున్నారు. పరిశ్రమల ప్రక్రియలో చర్చా సభ పెట్టాలా వద్దా అన్నది ఇప్పుడు చాలావరకు అధికారుల ఇష్టం. బెర్లిన్ దగ్గర గ్రూన్‌హైడెలో టెస్లా ఫ్యాక్టరీకి తుది అనుమతి 2022 మార్చి 4న వచ్చింది. అప్పటికి ఫ్యాక్టరీ కట్టడం దాదాపు పూర్తయింది. కంపెనీ సొంత పూచీ మీద ముందే పని మొదలుపెట్టుకోవచ్చంటూ సెక్షన్ 8ఏ కింద విడతలవారీగా ఇచ్చిన అనుమతులతో అది లేచింది. ప్రజల అభ్యంతరాలు తేలేసరికి నిలువెత్తు భవనాలు నిలబడి ఉంటే "వద్దు" అనడం ఏ అధికారికైనా కష్టమే. అదే కేసులో ఇంకో విషయం కూడా జరిగింది. ప్రకటన గడువులో తప్పు దొర్లిందని 2021 చివర్లో ఆన్‌లైన్ సంప్రదింపులను మళ్లీ మొదటినుంచి నిర్వహించాల్సి వచ్చింది. అంత పెద్ద పెట్టుబడి ఉన్నా తేదీల తప్పుకు మినహాయింపు దొరకలేదు. మనం పట్టుకోవాల్సిన పాఠం ఇది.

ఇక మన సంగతి. పునాది 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్. ప్రజా సంప్రదింపుల్లో రెండు భాగాలున్నాయని ఇందులో స్పష్టంగా రాసి ఉంది. ఒకటి ప్రాజెక్టు స్థలంలో గానీ దగ్గర్లో గానీ జరిగే సభ. రెండోది రాతపూర్వక అభిప్రాయాలు. రెండూ సమానమే. సభకు వెళ్లలేకపోయినా, ఆ ఊరివాళ్లు కాకపోయినా, ప్రాజెక్టుతో సహేతుకమైన సంబంధం ఉన్నవాళ్లు రాసి పంపొచ్చు. పెదజాలారిపేటలో ఉండి దక్షిణాన వేటకెళ్లే మత్స్యకారులకు అచ్యుతాపురం తీరంలో పడే పైపులైను గురించి రాసే హక్కు ఉంది.

ముందు చూడాల్సింది సభ అసలు ఉంటుందా లేదా అన్నది. ఈఐఏ రిపోర్టు అక్కర్లేని చిన్న ప్రాజెక్టులకు, అంటే బీ2 కేటగిరీకి, ఉండదు. ఆమోదం పొందిన పారిశ్రామిక పార్కుల్లోపల వచ్చే యూనిట్లకు కూడా చాలా సందర్భాల్లో మినహాయింపు ఉంటుంది. విశాఖ, అనకాపల్లి వాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. ఫార్మా సిటీలు, సెజ్‌లు, ఇండస్ట్రియల్ పార్కులు ఉన్నది ఇక్కడే. పార్కు మొత్తానికి పర్యావరణ అనుమతి తీసుకునేటప్పుడు జరిగే సభే అసలు అవకాశం. అది దాటిపోతే తర్వాత లోపల వచ్చే ఒక్కో రియాక్టరు, ఒక్కో సాల్వెంటు ట్యాంకు గురించి మిమ్మల్ని పిలిచి అడిగేవాళ్లు ఉండరు. కాబట్టి పార్కు సభను "ఇంకా ఖాళీ భూమే కదా" అని వదిలేయకండి. ఏ రకం పరిశ్రమలు రావచ్చు, మొత్తం నీళ్లెన్ని, మొత్తం వ్యర్థజలం ఎక్కడికి, గ్రీన్ బెల్టు ఊరి వైపు ఎన్ని మీటర్లు అన్నవి అక్కడే రాయించాలి.

సభ ఉంటే తేదీలు లెక్కపెట్టండి. ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజులు ఉండాలి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో రావాలి. పేపరు చేరని చోట దండోరా వేయించాలని, రేడియో, టీవీల్లో చెప్పించాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. మన్యం వైపు ఇది గుర్తుంచుకోండి. ఆ 30 రోజులూ డ్రాఫ్ట్ ఈఐఏ రిపోర్టు, తెలుగులో ఎగ్జిక్యూటివ్ సమ్మరీ (సారాంశం) కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్ లేదా విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీ లేదా పట్టణ సంస్థలో, కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో చూసుకోవడానికి దొరకాలి. వెళ్లి అడగండి. లేదంటే అప్పటికప్పుడు "ఫలానా తేదీన వచ్చాం, కాపీ అందుబాటులో లేదు" అని రెండు వాక్యాల అర్జీ రాసి, ఇన్‌వార్డ్ నంబరు వేయించి, రెండో కాపీ మీద ముద్ర కొట్టించుకోండి. ఆ ముద్ర విలువ తర్వాత తెలుస్తుంది. సభ తేదీ గానీ స్థలం గానీ అనుకోని అత్యవసర పరిస్థితి వస్తే తప్ప మార్చకూడదు. మారిస్తే అవే పత్రికల్లో మళ్లీ ప్రకటించాలి.

ఇప్పుడు రిపోర్టు. 500 పేజీలు చూసి బెదిరిపోవద్దు. మొదట ప్రాజెక్టు వివరణ, చివర పర్యావరణ నిర్వహణ ప్రణాళిక, మధ్యలో బేస్‌లైన్ (ప్లాంటు రాకముందు గాలి, నీరు, నేల ఎలా ఉన్నాయో కొలిచిన) అధ్యాయం, ఈ మూడూ చాలు. అందులోనూ బేస్‌లైన్ మీద ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే తప్పులు దాగేది అక్కడే. చాలా రిపోర్టులు ఒక్క సీజన్ డేటాతో తయారవుతాయి. సాధారణంగా 12 వారాలు, వారానికి రెండు రోజులు, ఒక్కో కేంద్రంలో 24 రీడింగులు. ఆ డేటా మూడేళ్లకు మించి పాతదై ఉండకూడదు. తేదీ చూడండి.

తర్వాత గాలి దిశ. విశాఖలో చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి, మార్చి నుంచి నైరుతి వైపు నుంచి వీస్తుంది. కొలతలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు తీసుకుని ఉంటే, ఆ రిపోర్టులో పొగ నైరుతి వైపు పోయినట్టు కనిపిస్తుంది. మీ ఊరు ప్లాంటుకు ఈశాన్యాన ఉంటే ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ పొగ మీ మీదికే వస్తుంది, కానీ రిపోర్టులో మీరు "గాలికి ఎదురు వైపు" ఉన్న సురక్షిత గ్రామం. ఏ దిక్కు నుంచి గాలి ఎంత వీచిందో చూపే విండ్ రోజ్ అనే గుండ్రటి బొమ్మ రిపోర్టులో ఉంటుంది. దాన్నీ, గాలి నాణ్యత కేంద్రాల మ్యాపునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎనిమిది కేంద్రాల్లో ఎన్ని గాలి పోయే వైపున్నాయి? బడి, ఆసుపత్రి ఉన్న చోట ఒక్కటైనా ఉందా? పైగా మన నగరం ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండల మధ్య గిన్నెలా ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక పొగ కిందే నిలిచిపోతుంది. కొండలున్న నేలను మోడలింగ్‌లో చదునుగా తీసుకున్నారా అని అడగడం న్యాయమైన ప్రశ్న.

అంకెల్లో ఇంకో చోటు చూడాలి. ఉదాహరణకు మీ ఊళ్లో పీఎం 10 (గాలిలోని సన్నని ధూళి) ఇప్పుడు ఘనపు మీటరుకు 88 మైక్రోగ్రాములు, ప్లాంటు వల్ల మూడు పెరిగి 91 అవుతుంది, 24 గంటల పరిమితి 100 కాబట్టి ఫర్వాలేదు అని రాసి ఉందనుకోండి. అడగాల్సింది ఒకటే: చుట్టుపక్కల ఇప్పటికే అనుమతి పొంది ఇంకా నడవని యూనిట్లను కలిపారా? బేస్‌లైన్ ఈరోజు నడుస్తున్నవాటినే కొలుస్తుంది. రేపు మొదలయ్యేవి అందులో ఉండవు. పది యూనిట్లు ఒక్కోటీ "నా వంతు మూడే" అంటే పరిమితి ఎప్పుడు దాటిందో ఏ రిపోర్టులోనూ కనిపించదు. విశాఖను 2009లో కాలుష్య సూచీ ప్రకారం తీవ్ర కాలుష్య ప్రాంతంగా గుర్తించి, 2010 జనవరిలో కొత్త ప్రాజెక్టులపై తాత్కాలిక నిషేధం పెట్టారు. ఆ పరిస్థితి ఏ ఒక్క ఫ్యాక్టరీ వల్లా రాలేదు.

సముద్రంలోకి వ్యర్థజలం వదిలే ప్రాజెక్టయితే మత్స్యకారులు చూడాల్సింది వేరు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. వేసవి సీజన్ సర్వే ఆ రోజుల్లో పడితే తీరంలో పడవలు తిరగవు, చేపల రేవులో చేప ఉండదు. "ఈ ప్రాంతంలో వేట తక్కువ" అని రాసేస్తారు. సర్వే తేదీలు చూసి, నిషేధకాలంలో చేసిందైతే ఆ మాటే రాసివ్వండి. పైపు చివర ఎంత లోతులో ఉంది, అక్కడ మీ వలలు ఏ నెలల్లో పడతాయి, ఏ చేప దొరుకుతుంది అన్నవి మీకు తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకూ తెలియవు.

నేల వర్గీకరణ గురించి సోంపేట కంటే పెద్ద ఉదాహరణ ఉత్తరాంధ్రలో లేదు. అక్కడి బీల భూములు చిత్తడి నేలలు, వాటి మీద వ్యవసాయం, చేపలవేట నడుస్తాయి. థర్మల్ ప్లాంటుకు ఇచ్చిన అనుమతి ఆ నిజాన్ని పట్టించుకోలేదు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో రైతులు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజున అప్పటి జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. ప్రాణాలు పోకముందే ఆ కాగితం మీద నిజం నిలబడి ఉండాల్సింది. మీ ఊళ్లో రిపోర్టు "బంజరు", "ఉపయోగంలో లేని భూమి" అన్నచోట గెడ్డ (వాగు) ఉందా, చెరువు ఆయకట్టు ఉందా, పశువులు మేసే నేలా అని సర్వే నంబర్లతో సరిచూసుకోండి. తాసీల్దారు కార్యాలయం నుంచి అడంగల్, గ్రామ పటం నకళ్లు జత చేయండి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది రూపాయలు. గడువు సరిగ్గా ప్రకటన గడువంతే కాబట్టి మొదటి రోజే దరఖాస్తు పెట్టాలి.

అభ్యంతరం ఎలా రాయాలి? ఒక పేరాకు ఒకే విషయం. మొదట రిపోర్టులో ఎక్కడ ఏముందో చెప్పాలి, తర్వాత నిజం ఏమిటో, ఆ తర్వాత ఏం కావాలో. ఇలాగన్నమాట: "డ్రాఫ్ట్ ఈఐఏ 3వ అధ్యాయం, నీటి వనరుల పట్టికలో మా గ్రామం తూర్పున ఉన్న గెడ్డ పేరు లేదు. సర్వే నంబరు ఫలానాలో పుట్టి ఫలానా చెరువులో కలిసే ఈ గెడ్డ నీటితో ఇన్ని ఎకరాలు సాగవుతున్నాయి (గ్రామ పటం జత చేశాం). ప్లాంటు వాననీటి కాలువ ఈ గెడ్డలోకే దిగుతున్నట్టు 2వ అధ్యాయం లేఅవుట్ చూపుతోంది. గెడ్డ నీటి నాణ్యతను రెండు సీజన్లలో పరీక్షించి, వాననీటి కాలువ దారి మార్చి, సవరించిన రిపోర్టు ఇవ్వాలి." దీనికి "తగిన చర్యలు తీసుకుంటాం" అని జవాబు రాస్తే ఎవరికైనా అది జవాబు కాదని తెలిసిపోతుంది. "మా బతుకులు బుగ్గిపాలవుతాయి" అన్నది కూడా నిజమే, ఆ మాట సభలో గట్టిగా చెప్పండి. కాగితం మీద మాత్రం గెడ్డ పేరుండాలి.

ఉద్యోగాల హామీలతో కలిపి రాయకండి. "స్థానికులకు 75 శాతం ఉద్యోగాలివ్వాలి, లేకపోతే ఒప్పుకోం" అని మొదలైన అర్జీని మినిట్స్‌లో "షరతులతో మద్దతు" కింద చేర్చే ప్రమాదం ఉంది. ఉద్యోగాల కోరికకు వేరే కాగితం పెట్టండి.

సభ రోజు అధ్యక్షత వహించేది కలెక్టరు లేదా అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి. కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధి పక్కన ఉంటారు. మొత్తం వీడియో తీయాలి. కోరం అంటూ ఏమీ లేదు, అందుకే బహిష్కరించి వెళ్లిపోతే సభ ఆగదు, "అభ్యంతరాలు రాలేదు" అన్న మినిట్స్ మాత్రం మిగులుతాయి. బహిష్కరించాలనుకున్నా రాతపూర్వక అభ్యంతరం ఇచ్చి, బహిష్కరణ కారణం కూడా అందులోనే రాసి బయటికి రండి. హాజరైన ప్రతి ఒక్కరికీ కంపెనీని ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి. చివర్లో సభా సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించి, అదే రోజు సంతకం చేయాలి. చాలా సభల్లో జనం సగం మంది ఈ ఘట్టానికి ముందే వెళ్లిపోతారు. దయచేసి నలుగురైదుగురు ఆగండి. మీ అంశం చదవకపోతే అప్పుడే లేచి చెప్పండి, వీడియో ఇంకా నడుస్తూనే ఉంటుంది.

సభ అయిన 8 రోజుల్లో మండలి ఆ కాగితాలు అనుమతిచ్చే సంస్థకు పంపాలి. పంచాయతీ, జిల్లా పరిషత్, కలెక్టరేట్, మండలి కార్యాలయాల్లో మినిట్స్ అతికించాలి. తేడా ఉంటే నేరుగా అనుమతిచ్చే సంస్థకు రాయొచ్చు. "ఏ" (A) కేటగిరీ ప్రాజెక్టయితే అది ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ, "బీ" (B) కేటగిరీ అయితే రాష్ట్రస్థాయి ప్రభావ అంచనా అథారిటీ. నిపుణుల కమిటీ ఎజెండా, మినిట్స్ పర్యావరణ అనుమతుల ప్రభుత్వ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో వస్తాయి.

జర్మనీలో ఉత్తర్వులోనే అభ్యంతరాలకు జవాబు ఉంటుందని పైన చెప్పాం. మన నోటిఫికేషన్‌లో అంత స్పష్టత లేదు. ఆ లోటును కొంత పూడ్చింది 2009 నవంబరులో ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు. ప్రజలు లేవనెత్తిన అభ్యంతరాలను ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో నిపుణుల కమిటీ కారణాలు రాయాలని అది చెప్పింది. కమిటీ మినిట్స్‌లో మీ గెడ్డ గురించి ఒక్క ముక్క లేకపోతే అప్పీలుకు అదే మొదటి కారణం. ఒకప్పుడు జర్మనీలో అభ్యంతర పత్రంలో రాయని అంశాన్ని తర్వాత కోర్టులో ఎత్తనిచ్చేవారు కాదు. 2015 అక్టోబరు 15న యూరోపియన్ కోర్టు అది తప్పని చెప్పాక 2017లో చట్టం మార్చుకున్నారు. మన దగ్గర అలాంటి అడ్డు లేకపోయినా, ముందే ముద్రతో ఇచ్చిన కాగితం హరిత ట్రిబ్యునల్ ముందు వాదనకు వెన్నెముక.

మాస్టర్ ప్లాన్ల విషయం క్లుప్తంగా. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ముసాయిదా ప్లాన్ల మీద కూడా అభ్యంతరాలు తీసుకుంటారు. జర్మనీ నిర్మాణ చట్టం సెక్షన్ 3 ప్రకారం అయితే ముసాయిదా తయారవకముందే ఒకసారి, తయారయ్యాక కనీసం 30 రోజులు ఇంకోసారి జనాన్ని అడగాలి, వచ్చిన ప్రతి అభిప్రాయాన్నీ పరిశీలించి ఫలితం రాసినవాళ్లకు తెలియజేయాలి. మన దగ్గర ఫలితం మీరే అడిగి తెలుసుకోవాలి. అందుకని మాస్టర్ ప్లాన్ అభ్యంతరంలో చివరి వాక్యంగా "దీనిపై తీసుకున్న నిర్ణయాన్ని కారణాలతో తెలియజేయగలరు" అని రాయండి, గడువు దాటాక సమాచార హక్కు కింద ఆ ఫైలు నోట్‌ఫైల్‌తో సహా అడగండి.

అనుమతి వచ్చేసిందనుకోండి. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 16 కింద 30 రోజుల్లో అప్పీలు వేయాలి. మనకు చెన్నైలోని దక్షిణ బెంచి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, ఆ తర్వాత ఒక్క రోజు కూడా లేదు. ఉత్తర్వు పోర్టల్‌లో పెట్టిన రోజు, పత్రికలో కంపెనీ ప్రకటించిన రోజు, ఏది ముందైతే అక్కణ్ణుంచే లెక్క మొదలైందనుకుని కదలడం క్షేమం. నష్టపరిహారం అడగని అప్పీలుకు కోర్టు ఫీజు వెయ్యి రూపాయలు.

అప్పీలు వేసినా వేయకపోయినా అనుమతి పత్రంలోని షరతులను తెలుగులో రాసి పంచాయతీ గోడకు అతికించండి. కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న ఆరునెలల అమలు నివేదిక ఇవ్వాలి. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటులో స్టైరిన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసిన తర్వాతే ఆ ప్లాంటు అనుమతుల కాగితాల సంగతి నగరమంతా చర్చకొచ్చింది. మీ పక్కనున్న ప్లాంటుకు ఏ షరతులున్నాయి, ఈ జూన్ నివేదికలో గాలి అంకెలు ఏ కేంద్రంలో, ఏ తేదీన తీశారు అన్నవి అడగడానికి ఏ సభా అక్కర్లేదు. ఆ నివేదిక కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండాలి. లేకపోతే మండలి రీజనల్ ఆఫీసుకు పది రూపాయలతో దరఖాస్తు పెట్టండి.